ఆడపడుచుకి ఇచ్చిన చెత్త

కిందటి వారం ఆమనిని ఈతవలస వెళ్ళే మొదటి బస్సు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. ఒళ్ళో లాప్‌టాప్ సంచి, బుర్రలో ఒకే ఒక్క అంకె. ఆ అంకె సంగతి మరోసారి చెప్పుకుంటే తప్పులేదు, ఈ కథంతా దాని మీదే నిలబడి ఉంది కాబట్టి.

ఈతవలస జనపనార మిల్లు కరెంటు ఖర్చు భరించలేక మూతపడి నాలుగేళ్ళయింది. ఇప్పుడు కొత్త యాజమాన్యం ఒకటి వచ్చి, తెరుస్తాం అంటోంది. షరతు ఒక్కటే. చుట్టుపక్కల నలభై ఊళ్ళ చెత్తను కాల్చి ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో ముందు మిల్లుకి కరెంటు తీసి, మిగిలిన వేడిని పక్కనున్న ఉప్పుడు బియ్యం మిల్లులకి పంపే ప్లాంటు మిల్లు ఆవరణలోనే కట్టాలి. అది గిట్టుబాటయ్యే పనేనా అని తేల్చే బాధ్యత విశాఖపట్నంలోని ఒక కన్సల్టెన్సీకి, అందులో ఇంజనీరుగా ఉన్న ఆమనికి వచ్చింది. ఆమని ఈతవలస పిల్లే. ఆ మిల్లులో ఇరవై ఆరేళ్ళు బాయిలర్ కాసిన కూర్మనాథం ఒక్కగానొక్క కూతురు.

చెత్త మండాలంటే అందులో తడి తక్కువుండాలి. టైము లేక నలభై ఊళ్ళకీ కలిపి ఒక్క ఊరి నమూనాయే తీశారు. ఆ ఊరు ఈతవలస. ఆమనే స్వయంగా ఎనిమిది వీధులు ఇల్లిల్లూ తిరిగి సంచులు నింపింది. నూటికి ఇరవై రెండు పాళ్ళే తడి అని ల్యాబు తేల్చింది. ఆ అంకె చూసి ఆమె పై అధికారి ధనరాజు ఆఫీసంతా స్వీట్లు పంచాడు. రేపు, శుక్రవారం, పదకొండు గంటలకి విజయనగరం కలెక్టరాఫీసులో కమిటీ కూర్చుంటుంది. రిపోర్టు తయారు. దాని మీద ఆమని సంతకం ఒక్కటే పడాలి.

అంతా బాగానే ఉంది. కానీ మొన్న బొబ్బిలి బస్టాండు దగ్గర ఒక చెత్త లారీ రోడ్డు పొడుగునా నీళ్ళు కార్చుకుంటూ పోవడం ఆమె కంటబడింది. అప్పటినుంచి అన్నం సయించలేదు. మన ఊరి చెత్త మాత్రం ఎందుకంత పొడిగా ఉంది? ఒక్కసారి చెప్పకుండా వెళ్ళి చూద్దాం అనుకుంది. చెప్పకుండా వెళ్ళడం, ఆ ఒక్కటీ ఆమె ఇంతకుముందు చెయ్యని పని.

ఆమె బస్సు దిగేసరికి ఏడు కావస్తోంది. లక్ష్ముడు ఈల ఊదుకుంటూ పంచాయతీ చెత్త బండి తోసుకొస్తున్నాడు. గురమ్మ తన ఇంటి గుమ్మంలో మూత పెట్టిన బకెట్టుతో నిలబడి ఉంది. ఆమనిని చూడగానే ఆ మనిషి మొహం చేటంత అయింది. మరుక్షణమే బకెట్టు వెనక్కి పోయింది.

"ఓలమ్మ, ఆమనొచ్చినాదే! సెప్పాపెట్టకండా వచ్చీసినావేటే పిల్లా?"

"నువ్వేటి అత్తా, బకెట్టు దాచేస్తన్నావు?"

"ఏటీ నేదు. లోపలికెల్లి కూకో. టీ ఎడతాను."

గురమ్మ సంగతి ఈతవలసలో అందరికీ తెలుసు. నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి ఒక బకెట్టు దాస్తోందంటే ఏదో ఉంది. ఆమని గబగబా ఆమె వెనక్కి వెళ్ళి మూత ఎత్తింది. పైన గంజి. గంజిలో తేలుతూ తోటకూర కాడలు, టీ పిప్పి, నిన్నటి చేపల పొలుసు, సగం తిన్న ఇడ్లీ, వాటి మధ్య ఒక పాల పేకెట్టు. ఆమె చెయ్యి పెట్టి కలియబెట్టింది. ల్యాబు అక్కర్లేదు. నూటికి అరవై పాళ్ళు నీళ్ళు.

"సీసీ, సెయ్యెట్టకే!" గురమ్మ గోలపెట్టింది. "బుర్ర పోయినాదేటి నీకు?"

"అత్తా, మొన్న నేనొచ్చినప్పుడు నువ్విచ్చిన చెత్త ఇలాగ లేదు కదా? గలగలలాడింది."

"ఇలగెందుకుంటాదే? నువ్వొస్తన్నావని తెల్సు కదా."

"తెలిస్తే?"

"తెలిస్తే ఏటేటి? మీ నాయన సెప్పినాడు, అమ్మాయి ఆదివారం వస్తాది, ఇల్లిల్లూ తిరిగి చెత్తడుగుతాది అని. గురువారం నాడే ఏరీసి మేడ మీద ఆరబోసినాను. మూడ్రోజులు ఎండ తగిలినాది. రోజుకి రెండుసార్లు కర్రతో తిరగేసినాను, ధాన్యం తిరగేసినట్టు. గంజీ గింజీ సింకులో పారబోసినాను. నీ సేతికి అందించేసరికి కుసింత వాసన కూడా నేదు, అవునా కాదా?"

ఆ మాట చెప్తున్నప్పుడు గురమ్మ కళ్ళలో ఎంత గర్వమో! అరిసెలు పాకం కుదిరాయని చెప్పే మనిషికి కూడా అంత ఉండదు.

"ఎందుకత్తా అలాగ చేశావు?"

గురమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎందుకేటే? ఊరి ఆడపిల్లవి. గుమ్మంలోకొచ్చి సెయ్యి సాపినావు. పసుపూ కుంకం పెట్టాల్సిన సేతిలో కుళ్ళు గంప ఎడతామేటి? ఆడపడుచు సేతికి ఎంగిలీ కుళ్ళూ అందిస్తే ఆ ఇల్లు సల్లగుంటాదేటి? ఇనీవోల్లు మొహాన ఉమ్మీస్తారు!"

ఇది ఆమనికి తెలియని సంగతా? కాదు. చిన్నప్పుడు మేనత్త వచ్చినప్పుడు అమ్మ విరిగిన కొబ్బరిచెక్క పక్కన పడేసి మంచిది వెతికి ఇవ్వడం ఆమె ఎన్నిసార్లు చూడలేదు? తెలుసు. చెత్తకి కూడా అదే వర్తిస్తుందని తట్టలేదు, అంతే. పెద్ద చదువులతో వచ్చే చిక్కే అది. ఊరు తెలుసు అనుకున్నచోటే ఊరు తెలియకుండా పోతుంది.

పైగా ఆమె రిపోర్టులో దీనికొక కారణం కూడా రాసింది, ఎంతో మురిసిపోతూ. "ఈ ప్రాంతంలో గంజి, కూరగాయల తొక్కులు పశువుల కుడితి తొట్టిలోకి వెళ్తాయి కనుక, బయటకొచ్చే చెత్త సహజంగానే పొడిగా ఉంటుంది" అని. అది చదివి ధనరాజు, లోకల్ వాళ్ళుంటే ఇదీ లాభం అని మెచ్చుకున్నాడు కూడా.

"అత్తా, మరి గంజి కుడితిలో పొయ్యరా మీరు?"

"కుడితా? ఏ పశువుకే?" గురమ్మ పకపకా నవ్వింది. "ఆరేళ్ళయ్యింది అమ్మీసి. మీ మావకి మోకాలు నొప్పులు. గడ్డెవులు కోస్తారు, పేడెవులు తీస్తారు? ఊరంతా కలిపి సూసినా పది పశువుల్లేవు. అందరివీ పేకెట్టు పాలే. కుడితి తొట్టిలో బంతి మొక్కలేసినాను, అదిగో సూడు."

గుమ్మం పక్కనే ఉంది తొట్టి. పచ్చగా, నిండుగా బంతిపూలు. మొన్న సంచీ పట్టుకుని వచ్చినప్పుడు దాని పక్కనే నిలబడి, పూలు బావున్నాయి అత్తా అని ఒకటి తెంపి జడలో కూడా పెట్టుకుంది. చూసింది పువ్వునే, తొట్టిని కాదు.

ఈ మాటల్లో పడి లక్ష్ముడి బండి మలుపు తిరిగిపోయింది. గంజి బకెట్టు గురమ్మ గుమ్మంలోనే ఉండిపోయింది.

ఆమని అక్కడితో ఆగలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనుకునే మనిషి కాదు గానీ, ఒక్క ఇల్లు చూసి అంకె మార్చే మనిషీ కాదు. తొమ్మిదయ్యేసరికి ఎనిమిది వీధులూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ అదే కథ. ఒకరితో ఒకరు మాట్లాడుకుని చేసిన పని కూడా కాదది. ఎవరికి వాళ్ళే అనుకున్నారు, ఎవరికి వాళ్ళే ఆరబెట్టారు. చివరి వీధిలో దానమ్మ అయితే ఆరబెట్టే ముందు పసుపు నీళ్ళు కూడా చల్లిందట. "ఇంటి పిల్లవి, పురుగూ పుట్రా ముట్టుకుంటావని" అంది. ఆమనికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి. ఇంత ప్రేమగా తనను ముంచేసిన వాళ్ళ మీద ఎలా కోపం తెచ్చుకోవాలి?

చివరికి ఒక్క మనిషి మీద తెచ్చుకోగలిగింది. ఆదివారం అమ్మాయి వస్తాది అని ఇల్లిల్లూ చెప్పిన మనిషి మీద. ఆ రోజు సంచులన్నీ తన చేత్తో మోసి ఆటోలో ఎక్కించిన మనిషి మీద. ఏ తుక్కు ఎంత మండుతుందో చేత్తో పట్టి చెప్పగల మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు.

కూర్మనాథం ఇంట్లో లేడు. గురువారం కదా, మిల్లులో ఉంటాడు. మిల్లు మూసిన నాటినుంచి ప్రతి గురువారం ఆయన చిన్న నూనె డబ్బా పట్టుకుని బాయిలర్ గదికి వెళ్తాడు. జీతం లేదు, రమ్మన్న వాళ్ళు లేరు. వాచ్‌మన్ గేటు తీస్తాడు, ఈయన వెళ్ళి పొయ్యి తలుపు బందులకి నూనె వేస్తాడు, కవాటాలు ఒక చుట్టు తిప్పి మళ్ళీ బిగిస్తాడు, నీటి మట్టం చూపే గేజీ అద్దం తుడుస్తాడు. నాలుగేళ్ళలో ఆయన మానింది ఒకే ఒక్క గురువారం. ఆమని తల్లి పోయిన వారం.

ఆమని వెళ్ళేసరికి ఆయన పొయ్యి తలుపు మెల్లగా తీసి మూస్తున్నాడు, కిర్రుమంటుందేమోనని చెవి ఒగ్గి వింటూ.

"వచ్చినావా తల్లీ. టిఫినీ తిన్నావా?"

"నాన్నా, మొన్నటి సంచులు నువ్వే కదా ఎత్తావు?"

ఆయన పొయ్యి తలుపు మూసేశాడు.

"ఎత్తినాను."

"నీకు తెలిసిందా?"

కూర్మనాథానికి అబద్ధం రాదు. అది ఆయన గొప్పతనమో చేతగానితనమో భార్య బతికున్నన్నాళ్ళూ తేల్చలేకపోయింది.

"మొదటి సంచీ ఎత్తినప్పుడే తెల్సిపోయినాది. సంచీ నిండుగుంది, బరువు నేదు. మూతి ఇప్పి గుప్పెట్లో పట్టి పిసికినాను. సెయ్యి తడవనేదు. ఇది ఇళ్ళల్లోంచి వచ్చిన చెత్త కాదు, ఎండలోంచొచ్చిన చెత్త అనుకున్నాను."

"అనుకుని ఊరుకున్నావా!" ఆమని గొంతు ఆ ఖాళీ గదిలో రెండింతలై వినిపించింది. "ఆ రిపోర్టు కింద నా పేరు ఉంటుంది నాన్నా. కేజీకి రెండువేల ఆరువందల కిలో కేలరీల వేడి వస్తుందని రాశాను. నిజంగా వెయ్యి కూడా రాదు. తనంతట తాను మండదు. నాకు తెలియక రాశాను, నీకు తెలిసి ఊరుకున్నావు!"

"సెప్పితే నువ్వేటి రాస్తావు? కుదర్దు అని రాస్తావు. అవునా?"

"అదే కదా నిజం!"

"అదే నిజం. అందుకే సెప్పనేదు." ఆయన డబ్బా కింద పెట్టాడు. "లచ్చుడ్ని సూసినావా పొద్దున్న? స్పిన్నింగులో ఆడి సెయ్యి తగిల్తే దారం తెగీది కాదు. ఇరవయ్యేళ్ళు నీడపట్టున పనిచేసిన మనిషి. ఇప్పుడు ఊరి చెత్త తోస్తన్నాడు. మిగిలినోల్లు సెన్నపట్నంలో గేట్లు కాస్తన్నారు. నూట ఎనభై కుటుంబాలు. ఎవులెదురైనా, మావా, అమ్మాయి ఏటంటాది, మిల్లు తెరుస్తారంటాదా అని అడుగుతారు. నాను కాదని సెప్పలేకపోయినాను తల్లీ. నోరు రానేదు."

ఆయన ఒంటి మీద పాత ఖాకీ చొక్కా, జేబు మీద అరిగిపోయిన మిల్లు గుర్తు. తండ్రి మీద కోపం, ఆ తండ్రి మీదే జాలి. రెండూ తనవే, ఏ ఒక్కటీ వదులుకోవడానికి లేదు. ఆమని వెళ్ళి ఇటుకల గట్టు మీద కూర్చుంది.

కూర్మనాథం వచ్చి పక్కన కూర్చున్నాడు. బాయిలర్ వైపు చూస్తూనే అన్నాడు.

"ఓసారి వానాకాలంలో తడి తుక్కు ఏసీసినారు, నాను సెలవులో ఉన్నప్పుడు. మంట ఎర్రగా పడుకుండిపోయినాది. తెల్లపొగ. ఆవిరి లేవనేదు. కిరసనాయిలు డబ్బాలు డబ్బాలు పోసి లేపినారు. నీ ప్లాంటూ అలగే అవుతాది. ఆర్నెల్లు డీజిలు పోసి మండిస్తారు, ఆనక గిట్టనేదని తాళం ఎడతారు. ఒకసారి తాళం ఎట్టినప్పుడే మీ అమ్మ దిగులుతో మంచం పట్టినాది. రెండోసారి మూస్తే ఈ ఊరు లేవదు. ఈ నాలుగు రోజులూ నానూ అన్నం తిన్నేదు తల్లీ. సెబుదామని రెండుసార్లు ఫోను తీసినాను." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "సంతకం ఎట్టకు."

ఆ రెండు మాటలు అనడానికి ఆయనకి ఏమేమి పోగొట్టుకోవాల్సి వచ్చిందో ఆమనికి తెలుసు. తండ్రి చెయ్యి పట్టుకుంది. నూనె మరకలతో ఆ చెయ్యి ఇంకా బాయిలర్ మనిషి చెయ్యిలాగే ఉంది.

ఇద్దరూ ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. వాకిట్లో గురమ్మ, దానమ్మ, ఇంకో పదిమంది ఆడవాళ్ళు. పొద్దున్న అమ్మాయి కళ్ళ నీళ్ళు పెట్టుకుందన్న వార్త అప్పటికే ఎనిమిది వీధులూ చుట్టేసింది.

"మావేటి తప్పు సేసినామో సెప్పీ" అంది గురమ్మ. పొద్దుటి గర్వం ఇప్పుడు లేదు. "తడిది ఇవ్వాల్సుందా? మాకేటి తెల్సే. మంచి సేద్దామనే సేసినాం."

ఆమని అరుగు మీద కూర్చుని దాచకుండా అంతా చెప్పింది. పొడి చెత్త అయితే ప్లాంటు నడుస్తుంది, తడిదైతే నడవదు. మీరిచ్చినది పొడిది, మీరు రోజూ పారబోసేది తడిది. నేను మొదటిదాన్ని చూసి రెండోదాని గురించి రాశాను. అంతే.

ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"అయితే రోజూ ఆరబెట్టీస్తే సరి కదేటి?" అంది దానమ్మ.

"రోజూ చేస్తారా పిన్నీ? ఏడాది పొడుగునా?"

గురమ్మ ఆలోచించింది. మొహమాటం లేకుండా చెప్పింది. "మిసనుకైతే సెయ్యమే. మిసనుకేటి, తడిదేస్తే తడిది తింటాది, పొడిదేస్తే పొడిది తింటాది. దానికోసం మేడెక్కి ఎవులు తిరగేస్తారు? నువ్వు గుమ్మంలోకొచ్చి సెయ్యి సాపితే మాత్రం సేస్తాం. ఎన్నాళ్ళైనా."

"ఈ ఊరికి నేను ఆడపిల్లని అత్తా. మిగతా ముప్ఫై తొమ్మిది ఊళ్ళకీ కాదు కదా."

"ఆళ్ళకి ఆళ్ళ ఆడపిల్లలు నేరేటి?"

గురమ్మ ఆ మాట ఏదో గొప్పగా అనలేదు. పక్కింటి వాళ్ళకి పెరుగు తోడు లేదంటే, ఎదురింట్లో అడగండి అన్నట్టు అంది. కానీ ఆమని సంచిలోంచి కాగితం తీసింది. నిజమే కదా. బండి తోసేది ఎవరైతేనేం అనుకుంటున్నాం. ఆ ఊళ్ళో పుట్టిన పిల్లే వచ్చి గుమ్మంలో చెయ్యి చాపితే? గంజి విడిగా, పొడిది విడిగా పెడతారు. ఆరబెట్టకపోయినా ఫరవాలేదు, కలపకపోతే చాలు, తడి సగానికి సగం పడిపోతుంది.

"మిగిలిన తడి పొగగొట్టం దగ్గిర ఆరిపోతాది" అన్నాడు కూర్మనాథం గుమ్మంలోంచి. "పొగతో పాటు పైకి పోయీ వేడి అంతా ఉత్తినే పోతాది కదా. దాన్ని చెత్త కిందనుంచి పోనిస్తే సరి. వానాకాలంలో మాము జనపనార అలగే ఆరబెట్టీవోల్లం."

ఆమని తండ్రి వైపు చూసింది. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఇంట్లో పెట్టుకుని, తాను పుస్తకాల్లో వెతికింది. ఆమె చేతులు అప్పటికే కాగితం మీద లెక్క వేస్తున్నాయి. కుదురుతుందని అనడానికి లేదు. కుదరదని అనడానికీ లేదు. మూడు వారాలు కావాలి. నాలుగైదు ఊళ్ళలో, వాళ్ళ వాళ్ళ ఆడపిల్లలతో, కొలుస్తున్నామని చెప్పకుండా, నిజంగా కొలవాలి. రేపు కమిటీని అడగాల్సింది ఆ మూడు వారాలే. రిపోర్టు మీద ఇంకా సంతకం పడలేదు, అదే అదృష్టం అనుకుంది.

ధనరాజుకి ఫోను చేసింది. ఆయన మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. ఆమె చెప్పినదంతా ఓపికగా విన్నాడు.

"మంచి ఆలోచనేనమ్మా. తర్వాత చూద్దాం. ప్లాంటు ముందు రానీ."

"తర్వాత కాదండీ. ఆ రిపోర్టు మీద నేను సంతకం పెట్టలేను."

ధనరాజు గొంతు ఇంకా మెత్తబడింది.

"పొద్దున్నే వెళ్ళిపోయిందమ్మా రిపోర్టు. కమిటీ వాళ్ళు తొందరపెట్టారు. నువ్వు ఊళ్ళో లేవు. నీ డిజిటల్ సంతకం కీ డ్రాయర్లోనే ఉంది, పాస్‌వర్డు చీటీ దానికే అంటించి ఉంది. నీకు శ్రమెందుకని నేనే పెట్టించేశాను."

ఆమని ఫోను రెండో చెవికి మార్చింది.

"నా సంతకం... మీరు పెట్టారా?"

"నీ మంచికేనమ్మా. ఇప్పుడు దాన్ని వెనక్కి తియ్యాలంటే రేపు నువ్వే కమిటీ ముందు లేచి, నా రిపోర్టు తప్పు అని చెప్పుకోవాలి. అలా చెప్పుకున్న ఇంజనీరుని ఈ లైన్లో మళ్ళీ ఎవరూ పిలవరు. చిన్నపిల్లవి, ఆలోచించుకో." ఫోను పెట్టేశాడు.

వాకిట్లో అందరూ ఆమె మొహం వైపే చూస్తున్నారు. ఆమె జరిగినది రెండు ముక్కల్లో చెప్పింది. తన మౌనం కూతుర్ని ఎక్కడిదాకా తెచ్చిందో కూర్మనాథానికి అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"రేపు నువ్వెల్లకు తల్లీ" అన్నాడు. "నానెల్లి, నాదే తప్పని సెబుతాను."

"తప్పు నీది కాదు, నాది. కొలిచింది నేను." ఆమని లేచి నిలబడింది. "గురమ్మత్తా, పొద్దున్న నా నుంచి దాచిన బకెట్టు ఉందా ఇంకా?"

"ఉంది. ఎందుకే?"

"కావాలి."

"ఏటి పన్దాంతో? పొద్దుటినుంచి ఎండలో ఉండి కంపు కొడతన్నాది. నీ సేతికి నానివ్వను."

"ఇవ్వాలి అత్తా. నోటితో చెప్తే వాళ్ళు నమ్మరు. ల్యాబు కాగితం ఒకవైపు, నా మాట ఒకవైపు అయితే కాగితమే గెలుస్తుంది. మన ఊరి చెత్త ఎలాగుంటుందో వాళ్ళు కళ్ళతో చూడాలి."

గురమ్మ కదల్లేదు. కూర్మనాథం వైపు చూసింది, దానమ్మ వైపు చూసింది. చివరికి వెళ్ళి బకెట్టు తెచ్చింది. మూత బిగించి, పైన ఉతికిన తువ్వాలు కప్పి, తాడుతో కట్టింది. ఆమని రెండు చేతులూ చాపింది. గురమ్మ చీర కొంగుతో బకెట్టు అడుగు తుడిచింది. ఇంకోసారి తుడిచింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా ఆడపడుచు చేతుల్లో పెట్టి, మొహం పక్కకి తిప్పేసుకుంది.

విజయనగరం బస్సు మూడింటికి; రేపటి దాకా ఆగే ధైర్యం లేక దానికే బయల్దేరారు. కూర్మనాథం ఇంటికి తాళం వేసి, ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూతురి వెనకే నడిచాడు. బస్సు వచ్చే రోడ్డు మీదకి చేరాక మెల్లగా అడిగాడు.

"ఇది పట్టుకుని కలెక్టరాఫీసులోకి మనల్ని రానిస్తారేటి?"

బకెట్టు అంచునుంచి గంజి చుక్క ఒకటి ఆమని చెప్పు మీద పడింది. ఆమె తుడుచుకోలేదు.

"రానివ్వకపోతే, గుమ్మంలోనే బోర్లిస్తాను నాన్నా."